దివిటి ఎస్తేరు చదివిన నవల

ఎస్తేరు తన యాభై రెండో ఏట ఒక జాగీర్దారు కొడుకును ప్రేమించింది. కాగితం మీది మనిషే లెండి. పేరు విక్రమసేనుడు. ఆరడుగుల పొడుగు, బొత్తాముల షేర్వానీ, కుడి చెంప మీద గుర్రప్పందెంలో పడ్డ చిన్న గాటు, ఎక్కడానికి మెహతాబ్ అనే తెల్లగుర్రం. ఈ సంగతి ఆమె తన పెనిమిటి దశరథ్ దగ్గర దాచలేదు. అతను నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆటో నడుపుతాడు. ఇంటికి రాగానే విక్రముడు ఇవాళ ఏం చేశాడో పూసగుచ్చినట్టు చెప్పేది. దశరథ్ అంతా విని, "వానికి పనేం లేదా?" అని అడిగేవాడు. లేదు మరి. దొరల నవలల్లో ఎవరికీ పని ఉండదు. పూలతోటలో కూర్చుని ఒక మనిషి కోసం పద్నాలుగు పేజీలు నిట్టూర్చాలంటే వంట, గిన్నెలు, ఎడ్లకు నీళ్లు, ఇవన్నీ ఇంకెవరో చూసుకుంటూ ఉండాలి. ఆ ఇంకెవరో ఎవరన్న ప్రశ్న అప్పటికి ఎస్తేరుకు తట్టలేదు. పుస్తకాలు ఇష్టపడి చదివేవాళ్లకు అంత తొందరగా తట్టదు కూడా.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు సంగతి ఇది. నల్లగొండ రామగిరిలో, ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో నిర్మలమ్మ అనే ఎనభై నాలుగేళ్ల ముసలామెను చూసుకోవడం ఎస్తేరు పని. నిర్మలమ్మ కొడుకుకు హైవే మీద పెట్రోలు బంకు ఉంది. కోడలు సుచరిత కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పొద్దున ఇద్దరూ పోతే సాయంత్రానికి గాని రారు. నిర్మలమ్మ చూపు నడుమ మచ్చ పడింది. ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట ఆమెకు బూడిదరంగు మరక కనబడుతుంది, చుట్టూ అంచులు మాత్రం తెలుస్తాయి. ముఖాలు పోయినయి, చీరల అంచులు మిగిలినయి అని ఆమే నవ్వుతూ చెప్పుకునేది. స్నానం చేయించడం, వేళకు మందులివ్వడం, వరండాలో నాలుగడుగులు నడిపించడం, ఇదీ ఎస్తేరు దినచర్య. అంతకుముందు పన్నెండేళ్లు ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేసింది కాబట్టి ఈ పనులన్నీ ఆమె చేతికి అలవాటే.

చదువు సంగతి బయటపడ్డది మాత్రం అనుకోకుండా. సుచరిత హైదరాబాదు స్నేహితురాళ్లంతా కలిసి ఫోన్లో ఒక గుంపు పెట్టుకుని, ఒకే పుస్తకాన్ని అందరూ చదివి ముచ్చటించుకునేవారు. అట్లా వచ్చిన ఆరువందల పేజీల నవల ఒకటి, 'ముత్యాల మేడలో ముగ్ధ', ఆమె చదవడం అయిపోయాక బల్ల మీద పడి ఉంది. బల్ల తుడవడానికని ఎస్తేరు దాన్ని ఎత్తింది. ఎత్తి, తెరిచి, గుడ్డ చంకన పెట్టుకుని నిలబడ్డచోటే ఇరవై పేజీలు చదివింది. లోపలి నుంచి నిర్మలమ్మ పిలిచింది.

"ఏం జేస్తున్నవే, సప్పుడు లేదు?"

"చదువుతున్నమ్మా."

"ఏం చదువుతున్నవు?"

"దొరల కత."

"బయటికి చదువు మరి. ఒక్కదానివే తింటవా?"

ఎస్తేరు మిషన్ హాస్టల్లో ఉండి పది పాసయింది. ఆ హాస్టల్ వార్డెనమ్మ దగ్గర ఒక ఇనుప బీరువా నిండా పుస్తకాలుండేవి. వారానికి ఒకటి ఇచ్చి, చదివింది చదివినట్టు ఒప్పజెప్పమనేది. ఆ తర్వాత పెండ్లి, పత్తి చేన్లు, దవాఖాన, ఇద్దరు బిడ్డల పెంపకం. పుస్తకం చేతికి రావడం అరుదైంది గాని నాలుక తిరగడం మాత్రం పోలేదు. గట్టిగా చదవడం వేరే విద్య. కళ్లతో చదివేవాళ్లు వాక్యం మీద నుంచి జారిపోతారు, నోటితో చదివేవాళ్లు ప్రతి మాట మీదా కాలు మోపి పోవాలి. ఇది గుర్తుంచుకోండి, జరిగిన గొడవంతా ఇక్కడి నుంచే పుట్టింది.

ఆ వానాకాలం మధ్యాహ్నాలు ఇద్దరికీ పండగలా గడిచాయి. కథ నిజాం జమానాది. ఒక సంస్థానం రాజుగారి బిడ్డ రత్నమాల. హైదరాబాదులో పాలరాతి మేడ, పియానో నేర్పే తెల్లదొరసాని, అత్తరు దీపాలు, బెల్జియం అద్దాలు. ఆమెను అరవయ్యేళ్ల ముసలి రాజుకిచ్చి చేయాలని తండ్రి పంతం. ఆమె మనసేమో విక్రముడి మీద. ఎస్తేరు చీరల వర్ణన వస్తే నెమ్మదిగా, ముద్దుల దగ్గర గబగబా చదివేది. నిర్మలమ్మ పసిగట్టి వెనక్కు తిప్పించేది. ముసలిరాజు మాటలను ఎస్తేరు ముక్కుతో పలికితే పడీ పడీ నవ్వేది. నిర్మలమ్మ పుట్టిల్లు కూడా ఒక గడీయే, దొరల కోటలాంటి ఇల్లు. అందుకని రచయిత్రి తప్పులు పట్టేది. రత్నమాల తల్లి వరండాలోకి వచ్చి విక్రముడికి తాంబూలం ఇచ్చిందని రాస్తే, అట్ల జరగదని కొట్టిపారేసింది. దొరసాని తలుపు దాటదట, తలుపు వెనక నిలబడి గాజులు చప్పుడు చేస్తుందట, అంతే.

ఎస్తేరు నోరు తెరుచుకుని వినేది. ఆమె వంశంలో ఎవరూ గడీ గడప దాటి లోపలికి పోలేదు. బయటి దర్వాజా దాకే వాళ్ల హద్దు. ఈ పుస్తకం పట్టుకుని ఆమె మొదటిసారి లోపలికి పోయింది. అద్దాలు చూసింది, పట్టుపరుపు మీద కూర్చుంది, రత్నమాల దుఃఖాన్ని తన దుఃఖం చేసుకుంది. ఎంత మంది మనుషులు ఎన్ని పుస్తకాల ద్వారా అట్లా పోయి వచ్చారో, ఎవరూ లెక్క తీయలేదు.

ముప్పై ఒకటో ప్రకరణం వచ్చింది. రత్నమాలను తెల్లారితే ముసలిరాజు చూసిపోతాడనగా, విక్రముడు ఆమెను కలవడానికి రాత్రికి రాత్రి బయలుదేరుతాడు. ఆ ఘట్టంలో రచయిత్రి ఇట్లా రాసింది: 'ఆ కాటుక చీకటిలో ఆరు కోసుల దూరం దివిటీ పరుగెత్తింది. దివిటీ వెనుక కచ్చడం, కచ్చడంలో విక్రముడు, విక్రముడి ఎదలో రత్నమాల.' కచ్చడమంటే గూడు కట్టిన సవారీ బండి, రెండెడ్లది. వాక్యం బాగుందని ఎస్తేరు రెండోసారి చదివింది. చదివి మురిసిపోతూ, తమ ఇంటిపేరు కూడా దివిటేనని చెప్పింది.

ఆ ఇంటిపేరంటే ఆమెకు చిన్నప్పటినుంచీ గర్వం. ఊళ్లో చర్చి పాస్టరుగారు స్టేజీ మీది నుంచి చెప్పిన మాట అది. జానయ్య, అంటే ఎస్తేరు తాత, ఆ పల్లెలో మొదట బాప్తీస్మం తీసుకున్నవాడు. చీకట్లో ఉన్నవాళ్లకు వెలుగైనవాడు కాబట్టి ఆ కుటుంబానికి దేవుడే దివిటి అని పేరు పెట్టించాడన్నారు. హాస్టల్లో, పెండ్లి చూపుల్లో, బిడ్డలను బళ్లో వేసేటప్పుడు, ఎవరు అడిగినా అడగకపోయినా ఎస్తేరు ఈ ముచ్చట చెప్పేది.

నిర్మలమ్మ కూడా మురిసింది, మరో రకంగా.

"దివిటోళ్లా మీరు? మా పుట్టింట్ల గూడ ఉండె దివిటోడు. మా బాపు కచ్చడం ముంగట ఉరుకుతుండె. ఒక చేత దివిటి, ఒక చేత నూనె ముంత. ఎన్ని కోసులైనా ఉరికేది. వాళ్లకు అలుపుండది పిల్లా, అలవాటు పడ్డ పానాలు."

ఎస్తేరు వేలు ఆ వాక్యం మీదే ఉంది.

"చదువు, ఆగినవేంది? పిల్లను కలిసిండా వాడు?"

ఎస్తేరు చదివింది. ఇంకో నాలుగు పేజీలు, గొంతు తడబడకుండా. విక్రముడు తోటగోడ దూకాడు, రత్నమాల మల్లెపందిరి కింద నిలబడి ఉంది, చంద్రుడు మబ్బు చాటుకు పోయాడు. ఎస్తేరు నిర్మలమ్మకు నీళ్లిచ్చి, పడుకోబెట్టి, చెప్పులేసుకుని బస్టాండుకు నడిచింది.

కోపం బస్సులో వచ్చింది. నార్కట్‌పల్లి దాకా నిలబడే ప్రయాణం చేసింది, సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేకపోయింది. ఎవరి మీద కోపం అన్నది మొదట తేలలేదు. నిర్మలమ్మ అన్నది నోటికొచ్చిన మాట, ఆ ముసలామె మనసులో కల్మషం లేదు. అదే ఎస్తేరును ఎక్కువ మండించింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. కల్మషం లేకుండా అన్న మాటకు జవాబు దొరకదు. పాస్టరుగారి మీద వచ్చింది, రచయిత్రి మీద వచ్చింది. చివరికి తన మీద తనకు వచ్చింది. ఆ వాక్యాన్ని తాను రెండుసార్లు చదివింది, బాగుందని.

ఆదివారం దేవరకొండ దారిలో ఉన్న తన ఊరికి పోయింది. మేనత్త పుల్లమ్మ ఉంది అక్కడ, జానయ్య కూతుళ్లలో మిగిలిన ఒక్కతే. పాత బోరు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుం వంగి, మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి. అరుగు మీద కూర్చుని పెసరకాయ ఒలుస్తోంది. ఎస్తేరు పక్కన కూర్చుని తానూ ఒలవడం మొదలుపెట్టి, పాస్టరుగారు చెప్పింది నిజమేనా అని అడిగింది. పుల్లమ్మ దానికి నవ్వింది గాని అది నవ్వు కాదు. తండ్రి ముంజేతుల మీద కాగిన నూనె చుక్కలు పడి పడి మచ్చలుండేవని చెప్పింది. వెలుగు ఎడ్ల కంటే ముందు పడాలి కాబట్టి ఎడ్ల కంటే ముందు ఉరకాలి. ఎడ్ల ఊపిరి వీపుకు తగులుతుంటే ఉరికేవాడట. చేరిన తర్వాతా కూర్చోనిచ్చేవాళ్లు కారు. దొర ఎప్పుడు మళ్లుతాడో తెలియదు కదా, దివిటీ చేతనే ఉండాలి.

"మా నాయిన దేవుని కోసం పోలే బిడ్డా చర్చికి," అంది పుల్లమ్మ. "ఆడ కూసోనిస్తరని పోయిండు. పాదిరి దొర కూసోమన్నడంట. పాట పాడుతుంటే కూసున్నకాడ్నే నిద్రపోయిండంట. ఇంటిపేరేందని అడిగితే ఈయనకు ఏం ఎరుక? గడీల ఏమని పిలుస్తరంటే, దివిటోడా అంటరన్నడు. గదే రాసుకున్నరు."

కాసేపటికి ఆమె, ఇప్పుడెందుకు ఈ పాత ముచ్చట అని అడిగింది. ఎస్తేరు నవల సంగతి చెప్పింది. విక్రముడు, రత్నమాల, ఆరు కోసుల చీకటి.

"గా కతల మా నాయిన ఉన్నడా?"

"దివిటి ఉన్నదత్తా. మనిషి లేడు."

"మనిషి లేకుంట దివిటెట్ల ఉరుకుతది? దయ్యమా?"

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. మన భాషలో ఒక సౌలభ్యం ఉంది. తలుపులు తెరుచుకుంటాయి. పరుపులు పరుచుకుంటాయి. విస్తళ్లలో వంటకాలు అమరుతాయి. పల్లకి కదులుతుంది. క్రియ చివర చిన్న తోక ఒకటి తగిలిస్తే చాలు, చేసిన చెయ్యి మాయమైపోతుంది. గడీల్లో బతికినవాళ్లకు ప్రపంచం నిజంగానే అట్లా కనబడి ఉంటుంది. దాహం వేస్తే నీళ్లు వచ్చేవి, చీకటి పడితే వెలుగు వచ్చేది. ఇప్పుడు ఆ గడీల్లో కొన్ని కూలిపోయాయి, కొన్నిట్లో బడులు నడుస్తున్నాయి, ఒకటి రెండింట్లో పెండ్లికి ముందు ఫొటోలు దిగుతున్నారు. రాళ్లు పోయినా వ్యాకరణం మిగిలింది. నవలలు ఆ వ్యాకరణంలోనే రాస్తున్నారు, ఎస్తేరు లాంటివాళ్లు మురిసిపోతూ చదువుతున్నారు.

సోమవారం నుంచి ఆమె మురిసిపోవడం మానేసింది. అబద్ధం ఆడడం మొదలుపెట్టింది.

పుస్తకంలో విక్రముడు మళ్లీ రత్నమాల దగ్గరికి బయలుదేరాడు. ఎస్తేరు కాగితం మీద కళ్లు పెట్టి, కాగితంలో లేనిది చదివింది. జానయ్య అనేవాడు పరుగెత్తుతున్నాడు. కుడిచేత దివిటీ, ఎడమచేత ముంత. ఎడ్ల ఊపిరి వాడి వీపుకు తగులుతోంది. నూనె చుక్క ముంజేతి మీద పడింది, తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదు. కచ్చడంలో విక్రముడు రత్నమాల కళ్లను తలుచుకుంటున్నాడు. జానయ్య రేపు తాను కూర్చోబోయే చోటును తలుచుకుంటున్నాడు.

నిర్మలమ్మ దిండు మీద నుంచి తలెత్తింది. పట్టుబడ్డాననుకుంది ఎస్తేరు.

"ఈ కత రాసినామెకు ఇప్పుడు రాయొచ్చింది," అంది నిర్మలమ్మ. "ఇన్నొద్దులు ఉత్త చీరలే. ఇప్పుడు కత పట్టుకున్నది."

ఇది ఎస్తేరు ఊహించని దెబ్బ. ఆమె కోప్పడుతూ కల్పించిన మాటలు విని ముసలామె సంతోషపడింది. మరునాడు మొదటి ప్రశ్నే జానయ్య గురించి అడిగింది, వాడికి పెండ్లాం ఉందా అని. ఉంది, చెప్పింది ఎస్తేరు, ముగ్గురు పిల్లలు కూడా. విక్రముడు వాడికి ఒక వెండి కడియమైనా ఇస్తే బాగుండేదంది నిర్మలమ్మ. ఇవ్వలేదమ్మా అంది ఎస్తేరు. పిసినారి ముండాకొడుకు అని నిర్మలమ్మ విక్రముణ్ణి తిట్టింది. ఎస్తేరుకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఏడేళ్ల పిల్లగా నిజమైన దివిటీ వెనక కచ్చడంలో కూర్చుని పోయిన మనిషి, కాగితంలో లేని జానయ్య మీద జాలి పడుతోంది. ఆ జాలిని ఎస్తేరు ఎక్కడ పెట్టుకోవాలి? తాతకు వెండి కడియం ఇప్పించి చేతులు కడుక్కునే జాలి అది.

అయినా ఆపలేదు. బస్సులో పోతూ వస్తూ రేపటి వాక్యాలు అల్లుకునేది. అందులో ఒక రుచి ఉందని ఒప్పుకోక తప్పదు. రెండు వారాలు ఇట్లా నడిచింది. ఒక శనివారం ఆమె అల్లిక ఇట్లా సాగింది: సగం దారిలో జానయ్య ఒక గట్టు మీద కూర్చున్నాడు. దొర లెమ్మన్నాడు. జానయ్య లేవలేదు. ఎడ్లు నిలిచాయి, కచ్చడం నిలిచింది. అక్కడ మల్లెపందిరి కింద రత్నమాల ఎదురుచూస్తోంది.

"ఎదురుచూడడమేంది?" వెనక నుంచి సుచరిత గొంతు వినబడింది. ఆ రోజు కాలేజీ ఒంటిపూట. తలుపు దగ్గర సంచీ భుజాన వేసుకునే నిలబడి ఉంది. "అత్తమ్మా, ఈ జానయ్య ఎవరు? నవలల అట్లాంటోడే లేడు."

ఆమె పుస్తకం తీసుకుని ఆ పేజీ పైకి చదివింది. అందులో విక్రముడు వేళకే చేరాడు. రత్నమాల అతని ఎదపై వాలింది. చంద్రుడు మళ్లీ మబ్బు చాటుకు పోయాడు. చదవడం అయ్యాక పుస్తకం బల్ల మీద పెట్టింది. సుచరిత చెడ్డమనిషి కాదు, గొంతు కూడా పెంచలేదు.

"నిన్ను చదవమన్నం ఎస్తేరూ. రాయమనలేదు."

నిర్మలమ్మ ముఖం ఎర్రబడింది. ఆమెకూ కోపం రావడంలో న్యాయం ఉంది. కళ్లు లేని మనిషి చేతిలో ఇంకో మనిషి గొంతు తప్ప ఏముంటుంది, ఆ గొంతే మోసం చేస్తే?

"గుడ్డిదాన్నని ఆడుకున్నవానే?"

"ఆడుకోలేదమ్మా. వాళ్లకు అలుపుండదని మీరన్నరు. ఉంటది. మా తాతకుండె. పుస్తకంల దివిటి ఉన్నది, పట్టిన చెయ్యి లేదు. నేను చెయ్యి పెట్టిన, గంతే."

"కతల అందరి పేర్లు పెడ్తరా పిల్లా?"

"గుర్రానికి పెట్టిండ్రు గదమ్మా."

ఆ మాట అనేసి ఎస్తేరు తన టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది. మూడు రోజులు పోలేదు. పని పోయినట్టేనా అని దశరథ్ అడిగితే, పోతే పోనీ అంది. అంటూనే, ముసలిరాజుతో లగ్గం ఆగిందో లేదో అన్న ఆలోచన వచ్చి, తనను తాను తిట్టుకుంది. ఇంత జరిగినా ఆ ప్రేమ ఏమవుతుందో తెలుసుకోవాలని ఉంది. మనిషి మనసంత సిగ్గులేనిది ఇంకోటి లేదు.

ఈ మూడు రోజుల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో సుచరితే తర్వాత చెప్పింది. సాయంత్రాలు తానే చదివి వినిపించబోయింది. రెండు పేజీలు కాకముందే నిర్మలమ్మ అడ్డు తగిలేది. దీపాలు వెలిగాయంటే, ఎవరు వెలిగించిండ్రు అనేది. పన్నీటి జల్లు కురిసిందంటే, ఎవరు చల్లిండ్రు అనేది. సుచరిత విసిగి, అత్తమ్మా, అట్లా అడిగితే ఎట్లా చదవాలంది. నేనడుగుతలేను, ఆ ఎస్తేరు నా చెవుల కూసోని అడుగుతున్నదంది ముసలామె. నాలుగోరోజు ఫోన్ చేయించింది.

ఎస్తేరు వచ్చింది. నిర్మలమ్మ గోడ వైపు తిరిగే మాట్లాడింది. జానయ్యను కలపవద్దు, ఉన్నది ఉన్నట్టు చదవాలి, చివర తెలుసుకోకుండా తాను చావదట. ఎస్తేరు సరేనంది. తానూ ఒక షరతు పెట్టింది.

"ఉన్నది ఉన్నట్టే చదువుత. మనిషి లేకుంట పనైన కాడల్ల ఆగుత. మీ గడీల ఆ పని ఎవరు జేసేదో మీరు పేరు జెప్పాలె. జెప్తేనే ముంగటికి పోత."

మిగిలినవి ఇరవై మూడు పేజీలు. వాటిలో ఇరవై ఒకటి చదవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మేడ తలుపులు తెరుచుకున్నాయి అని చదివి ఎస్తేరు ఆగింది. నిర్మలమ్మ చాలాసేపు పెదవులు కదిలించి, నర్సింగమ్మ అంది. పొద్దున మూడు దర్వాజాలు తీసేదట, ఒక చెవి వినబడదట. పల్లకి కదిలిందన్నచోట నలుగురు బోయీల్లో గుర్వయ్య ఒక్కడే గుర్తొచ్చాడు. ఎస్తేరు తక్కిన ముగ్గురి కోసం ఆగింది. మరునాటికి ఇంకో ఇద్దరు దొరికారు, నాలుగో మనిషిని గుర్వయ్య తమ్ముడని తేల్చారు. గంగాళం నిండిందన్నచోట హనుమమ్మ వచ్చింది. నిర్మలమ్మ తల్లితో పాటు పెండ్లినాడు అరణంగా, సామాన్లతో పాటు ఇచ్చిన దాసిగా వచ్చిన పిల్ల, ఇక ఆ ఇంట్లోనే ఉండిపోయింది. హనుమమ్మకు ఒక బిడ్డ ఉండేదని చెబుతూ నిర్మలమ్మ ఆగిపోయింది. తర్వాత, అడగకుండానే, "దాని ముక్కు నా ముక్కే," అంది. ఆ రోజుకు చదవడం చాలించారు.

ఎస్తేరు కోపం ఈ తొమ్మిది రోజుల్లో తగ్గిందనుకుంటే పొరపాటు. పేరు బయటికి వచ్చినకొద్దీ పెరిగింది. ఇన్ని పేర్లు ఆ తలలో భద్రంగా ఉన్నాయి. అడగనిదే ఒక్కటీ బయటికి రాలేదు.

చివరికి రెండు పేజీలు మిగిలాయి. ముసలిరాజు పెండ్లివారు విడిదికి చేరారు. రత్నమాల ఊరి పొలిమేర దగ్గరికి తప్పించుకుని వచ్చింది. విక్రముడు కచ్చడంలో బయలుదేరాడు. 'దివిటీ దారి చూపింది' అని ఉంది. ఎస్తేరు ఆగింది.

"దివిటోడు," అంది నిర్మలమ్మ.

"పేరమ్మా."

నిర్మలమ్మ వెతికింది. చిన్నప్పుడు ఆ కచ్చడంలో తండ్రి పక్కన కూర్చుని ఎన్నిసార్లు పోయిందో ఆమెకు గుర్తుంది. ముందు ఉరికేవాడి మడమల పగుళ్లు గుర్తున్నాయి. తడిసిన వీపు గుర్తుంది, కానుగనూనె వాసన గుర్తుంది. "ఈపు యాదికున్నది," అంది. "పేరు లేదు." హైదరాబాదులో ఉన్న పెదనాన్న కొడుక్కి ఫోన్ చేయించింది. ఆయనకు తొంభై ఏళ్లు, ఆయన కూడా దివిటోడనే అన్నాడు. రెండు రోజులు గడిచాయి. మూడోరోజు నిర్మలమ్మ అలసిపోయి, బతిమాలుతున్నట్టు అంది.

"నీ తాత పేరే పెట్టి చదువు పో. జానయ్యనే అనుకుందాం."

ఎస్తేరు ఎన్నడూ ఆమె ముందు గొంతు పెంచలేదు. ఆ రోజూ పెంచలేదు.

"మా తాత మీ బండి ముంగట ఉరకలేదమ్మా. ఆయన ఉరికిన బండి వేరే. మీ ముంగట ఉరికినాయన వేరే మనిషి, ఆయనకూ తల్లి పేరు పెట్టింది. ఒకని పేరు ఒకనికి పెడ్తే మళ్ల దివిటోడే అయితడు."

పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

ఇప్పటికీ అది అక్కడే ఉంది. ఎస్తేరు రోజూ వస్తుంది, స్నానం చేయిస్తుంది, మందులిస్తుంది. మూడు గంటలకు నిర్మలమ్మ ఒక పేరు చెప్పి చూస్తుంది. ఎల్లయ్యా? రామచంద్రుడా? ఉజ్జాయింపు వద్దమ్మా, యాదికొస్తే చెప్పండి అంటుంది ఎస్తేరు. ఆ రెండు పేజీలు తిప్పి చూడడం ఆమె చేతిలో పని. బల్ల తుడిచినప్పుడల్లా పుస్తకం ఎత్తుతుంది, దించుతుంది. సుచరితను అడిగినా ఒక్క మాటలో చెప్పేస్తుంది. చదవాలని ఎంత కోరికగా ఉందో, ఆ కోరిక మీద ఆమెకు అంత కోపంగా ఉంది. రెండూ తగ్గడం లేదు.

మొన్న చౌరస్తాలో బస్సు దిగి ఆటో ఎక్కుతుంటే దశరథ్ అడిగాడు, వాళ్ల పెండ్లయిందా లేదా అని.

"కాలే," అంది ఎస్తేరు. "బండి కదులుతలేదు."

"ఎందుకు?"

"ముంగట మనిషి లేడు."

దశరథ్ ఆటో స్టార్ట్ చేశాడు.